బీబీ మూడోసారి అడగలేదు

నజ్మేకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. తను పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు చంటి కూతురు తరన్నుం ఏడుస్తుంది, ఎత్తుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. సీటు రాదేమోనన్న భయం కూడా ఉంది గానీ, అది దీని వెనక వరసలో కూర్చునేది. ఇంకా నాలుగడుగులు వేస్తే కూలబడిపోయే పిల్ల, గుక్కపట్టి ఏడుస్తూ తలుపు వంక చూస్తుంటే, ఆ తలుపులోంచి ఎవరూ రాకపోతే? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో పని ఏదున్నా వదిలేసి, పక్కనే హాయిగా ఆడుకుంటున్న పిల్లను లాక్కుని ఎత్తుకునేది. తనకేమొచ్చిందో పిల్లకు అర్థమయ్యేది కాదు. చేతిలో చెంచా ఉంటే తల్లి ముక్కు మీద ఒకటి వేసేది.

అలాగని సీటు సంగతి చిన్నదేం కాదు. నజ్మే మొగుడు యాసెర్ ఈ కెర్మాన్ నుంచి, దూరాన సముద్రం ఒడ్డునున్న బందర్ రేవుకి లారీ తోలతాడు. లారీ యజమాని అతన్ని కాపురంతో సహా బందర్ వచ్చెయ్యమంటున్నాడు. మొగుడూ పెళ్ళాలు ఒక మాట అనుకున్నారు. ఈ ఏడాది నజ్మేకి ఇక్కడి విశ్వవిద్యాలయంలో లా సీటు వస్తే కెర్మాన్‌లోనే ఉంటారు. రాకపోతే ఎండలు తగ్గగానే సామాను లారీకెక్కిస్తారు. పలకరించే మనిషి లేని ఆ ఉక్కపోత ఊళ్ళో, చంకలో పిల్లతో, ఇక పుస్తకం తెరిచే మాట ఉండదని ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం "అక్కడ చేపలు బాగుంటాయట" అనుకునేవాళ్ళు.

పదో తరగతి సగంలో ఉండగా నజ్మేకి పెళ్ళయింది. ఆ తర్వాత పెద్దవాళ్ళ బడిలో చేరి, ఒకసారైతే నిండు కడుపుతో బల్లకీ బెంచీకీ మధ్య పట్టక పక్కకి తిరిగి కూర్చుని రాసి, ఎలాగో పన్నెండు గట్టెక్కింది. లా పిచ్చి పట్టింది మాత్రం కోర్టు వరండాలో. తండ్రి పోయాక పింఛను పని మీద తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి పొద్దున్నుంచీ అక్కడ కూర్చుంది. గుమాస్తా తలెత్తితే ఒట్టు. ఇంతలో నల్ల చాదర్ కప్పుకున్న ఒక వకీలమ్మ వచ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన తరఫున రెండే రెండు వాక్యాలు చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. గుమాస్తా లేచి నిలబడ్డాడు! ఆ రెండు వాక్యాలు ఏమిటో నజ్మేకి వినపడలేదు. అప్పట్నుంచీ వాటికోసమే చదువుతోందనుకోవచ్చు.

చదువంటే, పిల్ల నిద్రలోంచి తుంచుకున్న చదువే. అరబిక్ పాఠాలను తన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని, ఆకుకూర కడుగుతూ వినేది. తన గొంతు తనకే టీచరమ్మలా వినిపించి, తప్పు చెప్పినట్టనిపిస్తే భయపడేది. సమాజశాస్త్రం పుస్తకంలో రెండో పాఠం మొదటి పేజీని తరన్నుం తినేసింది. పరీక్షలో ఆ పేజీ మీద ప్రశ్న వస్తే ఎవరినడగాలో నజ్మేకి తెలుసు గానీ, ఆ సాక్షికి ఇంకా మాటలు రావు.

యాసెర్ సాయం మరో రకం. పాత ప్రశ్నల పుస్తకం ఒకటి లారీలో పడేసుకుని, దారిలో టీ తాగడానికి ఆగినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. వెనకాల డ్రైవర్ల గోల.

"నజ్మే, తర్కం ప్రశ్న, విను. 'ప్రతి పక్షీ ఎగురుతుంది' అన్నది అబద్ధమైతే, తప్పకుండా నిజమయ్యేది ఏది?"

"కోడి! కోడి అని పెట్టమను వదినను!" అని ఎవరో వెనక నుంచి అరిచారు.

"నువ్వుండ్రా బాబూ. నాలుగు జవాబులున్నాయి, చదవనీ."

"చదవక్కర్లేదు," అంది నజ్మే, పిల్ల నోట్లోంచి రబ్బరు లాగుతూ. "కొన్ని పక్షులు ఎగరవు. అదే."

"చూశావా? నేను చెప్పిందేగా! కోడి కంటే ఎగరని పక్షి ఎవరు?" అన్నాడు వెనకాయన.

తర్కం బాగానే ఉంది. చిక్కల్లా మార్కుల దగ్గరొచ్చింది. ఆ పరీక్షలో మూడు తప్పులు కలిసి ఒక ఒప్పును మింగేస్తాయి. తెలియనివి వదిలేసి ముందుకు పోవాలి. నజ్మే మాత్రం ఏదీ వదిలేది కాదు. ఇంట్లో రాసుకున్న నమూనా పరీక్షలన్నిటిలో ప్రతి గడీ నింపేసి, చివరికి చూసుకుంటే సగం మార్కులు ఎగిరిపోయేవి.

"తెలియనిది ఎందుకు పెట్టావే?" అని యాసెర్ నెత్తి కొట్టుకునేవాడు.

"అడిగారు కదా."

"అడిగితే?"

"అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా మొహం తిప్పుకుంటే ఏం బావుంటుంది యాసెర్!"

నవ్వొస్తుంది గానీ, నజ్మే పెంపకం అలాంటిది. కెర్మాన్‌లో పుట్టినవాళ్ళకి తారొఫ్ తల్లిపాలతో వస్తుంది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి. ఇచ్చేవాళ్ళు మూడోసారి కూడా అంటే, అప్పుడు అది మనసులోంచి వచ్చిన మాట, సరే అనొచ్చు. మూడోసారి అనకపోతే మొదటి రెండూ మర్యాద మాటలే. కొట్టువాడు "మీ దగ్గర డబ్బులేంటమ్మా, ఉండనివ్వండి" అంటాడు. అంటాడని ఊరికే తీసుకెళ్ళిపోతే వీధి చివరిదాకా తరుముకొస్తాడు. ఈ లెక్క ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పరు.

ఈ మర్యాదే నజ్మే చదువుని పేనులా కొరికేది. పళ్ళెం తిరిగిచ్చి పోదామని యాసెర్ మేనత్త గుమ్మంలోకి వచ్చింది. నజ్మే అరబిక్ పుస్తకం మధ్యలో వేలు పెట్టుకునే "లోపలికి రండి, భోంచేసి వెళ్ళాలి" అంది. "అబ్బే వద్దమ్మా, చదువుకుంటున్నావు." "ఒట్టు, ఊరుకోను." "వద్దు తల్లీ." "నా మీద ఒట్టు." మూడోసారి అన్నది తనే కదా! మేనత్త చెప్పులు విప్పింది. భోంచేసింది, పడుకుని లేచింది, టీ తాగింది, తన పిత్తాశయంలో రాళ్ళ కథ మొదటి రాయి నుంచి చెప్పింది. నజ్మే వేలు పుస్తకంలోనే తిమ్మిరెక్కిపోయింది.

వసంతకాలం చివర్లో ఒక మధ్యాహ్నం అత్తగారు తూబా ఖానుం వచ్చింది. రెండు సందుల అవతల ఒంటరిగా ఉంటుంది. అందరూ బీబీ అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. కోడలి జ్ఞాపకశక్తి కోసం సీసా నిండా ఖవూత్ తెచ్చింది, వేయించిన గింజలు, జీలకర్ర, చక్కెర కలిపి తనే దంచిన పొడి. తరన్నుం ఆ సీసాలోకి తుమ్మింది. ముగ్గురి కనుబొమ్మలూ తెల్లబడ్డాయి.

తుడుచుకుంటూ బీబీ అంది: "పరీక్ష రోజు పిల్లని నా దగ్గర వదులు."

నజ్మే గుండె ఎగిరింది. నోరు మాత్రం తన పని తను చేసింది. "అయ్యో బీబీ, మీకెందుకు శ్రమ."

"శ్రమేముంది? నా మనవరాలే కదా."

"లేదు బీబీ, మీ మోకాళ్ళు... ఇది ఒకచోట నిలవదు. మిమ్మల్ని కష్టపెట్టలేను."

ఇప్పుడు మూడోసారి రావాలి. నజ్మే "సరే" అన్న మాటను నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని చూసింది. బీబీ ఆమె మొహంలోకి చూసింది, పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత తలగుడ్డ ముడి బిగించుకుని లేచింది.

"సరే, నీ ఇష్టం," అంది. వెళ్ళిపోయింది.

నజ్మే ఆ సీసా పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. అంటే పెదవి మీది మాటే అన్నమాట. కొడుకు బిడ్డ విషయంలో కూడానా? రోషమొచ్చింది, తర్వాత జాలేసింది, ఆ తర్వాత పాత భయం వచ్చి అన్నిటినీ తోసేసి కూర్చుంది.

అంతలో పై అంతస్తులో ఉండే షహ్లా ఖానుం మెట్ల మీద ఎదురైంది. నోరు తెరిస్తే తేనె. "నజ్మే జాన్! పరీక్ష అటగా! పిల్లని నా దగ్గర పడెయ్, నిశ్చింతగా రాసుకో."

"మీకెందుకు శ్రమ."

"శ్రమా? నా కళ్ళ మీద పెట్టుకుంటా!"

"లేదండీ, నిజంగా..."

"నా పిల్లల మీద ఒట్టు నజ్మే, ఇంకెవరి దగ్గరైనా వదిలావో, నీతో మాట్లాడను!"

లెక్క సరిపోయింది. పైగా ఒట్టు కూడా. "అయితే సరేనండీ," అంది నజ్మే, "మీ చేతులకు నొప్పి రాకూడదు," అని అక్కడి పద్ధతిలో కృతజ్ఞత కూడా చెప్పుకుంది. షహ్లా ఖానుం ఒక్క క్షణం రెప్ప వెయ్యలేదు. తర్వాత "ఆ... ఆ... మరి? అంతేగా," అంటూ గబగబా మెట్లెక్కింది. నజ్మే ఆ రెప్ప సంగతి పట్టించుకోలేదు. మెడ మీంచి బస్తా దింపినంత తేలికై, ఆ వారమంతా తర్కమూ అరబిక్కూ ఒక్క ఊపులో తిరగేసింది. పిల్ల ఎప్పుడేం తింటుందో, ఏ పాటకి నిద్రపోతుందో షహ్లా ఖానుంకి చెబుదామని మూడు పూటలు వెళ్ళింది. ఆవిడ ప్రతిసారీ గుమ్మంలోనే "తెలుసు తెలుసు, నేనూ ముగ్గుర్ని పెంచాను" అని పంపేసింది.

పరీక్ష రోజు తెల్లవారింది. యాసెర్ రాలేదు. రేవులో లారీల వరస కదలక బందర్‌లోనే చిక్కుకుపోయాడు. ఫోన్లోనే "తెలియనివి వదిలెయ్ నజ్మే, నీకు దండం పెడతా, వదిలెయ్" అని బతిమాలాడు. నజ్మే హాల్ టికెట్టూ పెన్సిళ్ళూ సంచిలో వేసుకుని, పిల్లని చంకనేసుకుని, పిల్ల సంచి భుజానికి తగిలించుకుని పై అంతస్తుకి ఎక్కింది. బెల్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది. తరన్నుం కూడా అరచేత్తో తలుపు మీద తన వంతు కొట్టింది.

ఫోన్ చేస్తే నీళ్ళ చప్పుడు, పిల్లల కేకలు.

"నజ్మే జాన్! మేం సీర్చ్ వచ్చేశాం, కొండ మీద ఎంత చల్లగా ఉందో! నువ్వూ రావాల్సింది!"

"షహ్లా ఖానుం... ఇవాళ నా పరీక్ష."

నీళ్ళ చప్పుడు.

"అయ్యో నా మొహం మండా! నువ్వు నిజంగానే అనుకున్నావా? సరే అన్నది నువ్వు కూడా ఊరికే అన్నావనుకున్నానే! పెద్దదాన్ని కదా, నా మాట తీసెయ్యలేక అన్నావని..."

నజ్మే ఫోన్ పెట్టేసింది. ఊళ్ళో ఎవరికీ జరగని తప్పు తనకే జరిగింది. మూడుసార్లు అన్నాక కూడా మాట ఉత్తదే అయ్యింది! పరీక్ష హాలు గేటు మూసేస్తే ఇక తెరవరు. మెట్ల మీద కూర్చుందామనిపించింది. కూర్చుంటే ఇక లేవనని తెలుసు. బందర్, ఉక్కపోత, చేపలు.

కూర్చోకుండా పరుగెత్తింది. రెండు సందులూ పిల్లతో, రెండు సంచులతో, చాదర్ పళ్ళతో కరుచుకుని.

బీబీ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. తలుపు నెట్టుకుని వచ్చిన కోడలిని చూసి చెంబు దించింది.

"బీబీ, నేను... ఇటు పోతూ... మీరెలా ఉన్నారోనని..." నోరు మళ్ళీ తన పని మొదలుపెట్టింది.

"బాగానే ఉన్నా. టీ పెట్టనా?"

"వద్దు బీబీ, మీకెందుకు శ్రమ..."

అక్కడ ఆగిపోయింది నజ్మే. తన గొంతు తనకే ఫోన్లో రికార్డు చేసిన పాఠంలా వినిపించింది, అదీ తప్పు పాఠం. పిల్లని రెండు చేతులతో ముందుకు చాపింది.

"బీబీ, నేను తారొఫ్ చెయ్యట్లేదు. పిల్లని ఉంచుకోండి. నాకెవరూ లేరు. మీకు కష్టమవుతుంది, తెలుసు. అయినా ఉంచుకోండి."

ఒక కోడలు అత్తగారితో అలా మాట్లాడటం ఆ సందులో ఎవరూ విని ఉండరు. బీబీ తడి చేతులు పావడాకి తుడుచుకుంది. పిల్లని అందుకుంది. అందుకున్న మరుక్షణం తరన్నుం నోరు తెరిచి, ఊపిరి అంతా లోపలికి లాగి, కెవ్వుమంది.

సరిగ్గా నజ్మే ఇన్నాళ్ళూ కలల్లో విన్న ఏడుపు అదే.

"ఏడుస్తోంది బీబీ."

"వినపడుతోందే, నాకేం చెవుడు లేదు. పో."

"గుక్క పట్టిందంటే..."

"గుక్కే కదా, నీ మొగుడు పట్టలేదా? బతికి లారీ తోలట్లేదా? పోవే, గేటు మూసేస్తారు!" భుజంతో కోడలిని సందులోకి తోసేసింది. "ఏడుస్తుంది. ఏడవనీ. ఎత్తుకునే ఉంటాను!"

ఆ చివరి మాట నజ్మే వెంట సందు మలుపుదాకా వచ్చింది. టాక్సీలో కూడా వచ్చింది.

గేటు మూస్తున్న మనిషి చెయ్యి కింద నుంచి దూరింది. హాలు నిండా అప్పుడే బడి వదిలిన అమ్మాయిలు, గోళ్ళు కొరుకుతూ. నజ్మే భుజం మీద పాల మరక. మొదటి పేజీ సగందాకా అక్షరాలు కనబడలేదు, చెవుల్లో ఏడుపే. తర్వాత మెల్లగా, ఆ ఏడుపు పక్కనే ఒక ఒళ్ళు, తడి పావడా, జీలకర్ర వాసన వేసే భుజం కనబడ్డాయి. పిల్ల ఏడుస్తోంది గానీ, ఎవరో ఎత్తుకునే ఉన్నారు. అప్పుడు అక్షరాలు కనబడ్డాయి.

మధ్యలో బిస్కెట్లు, పళ్ళరసం పొట్లం ఇచ్చారు. పంచుతున్నామెతో అలవాటుగా "మీరు తీసుకోండి" అనబోయి నోరు మూసుకుంది.

తెలియని ప్రశ్న ఒకటి వచ్చింది. పెన్సిలు దాని మీద తారట్లాడింది. 'క్షమించండి, నాకు తెలియదు' అని మనసులో అనుకుని, మొదటిసారి ఒక గడిని ఖాళీగా వదిలింది. చెవులు వేడెక్కాయి. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపుకున్నట్టనిపించింది. రెండోది వదిలేటప్పుడు అంత అనిపించలేదు. అరబిక్ దగ్గరికి వచ్చేసరికి క్షమాపణలు కూడా మానేసింది.

బయటికి వచ్చి నేరుగా బీబీ ఇంటికి పరుగెత్తింది. పెరట్లో బీబీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, తలగుడ్డ ఊడి మెడలో, జుట్టంతా రేగి. తరన్నుం ఆవిడ గుండె మీద బోర్లా పడి నిద్రపోతోంది, బుగ్గల మీద ఎండిన చారలు. చుట్టూ ఖవూత్ పొడి, ఒక బొమ్మ, ఒక చెప్పు, గరిటె, యాసెర్ చిన్నప్పటి టోపీ. యుద్ధం జరిగిన చోటు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఏడ్చిందా?" అంది నజ్మే.

ఇలాంటి ప్రశ్నకి ఊళ్ళో ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: అయ్యో లేదమ్మా, బంగారు తల్లి, ఉందో లేదో కూడా తెలియలేదు.

"ఏడ్చింది," అంది బీబీ. "మొత్తం సేపూ. ఒక్కసారి ఆపి ఖవూత్ తిని, బలం తెచ్చుకుని మళ్ళీ మొదలెట్టింది. మధ్యలో నేనూ కాస్త ఏడ్చాను, తోడుగా ఉంటుందని. దించలేదు మాత్రం. నా నడుము ఇక నాది కాదు."

నజ్మే గోడ పక్కన కూలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చినా నవ్వుతూనే ఉంది. అంత భయపడింది కాస్తా జరిగిపోయింది, జరిగిపోయి పక్కన గురక పెడుతోంది.

కాసేపయ్యాక అడిగింది. "బీబీ, ఆ రోజు రెండుసార్లేగా అడిగారు. మూడోసారి ఎందుకు అడగలేదు?"

బీబీ పిల్ల వీపు నిమురుతూ కొంచెం ఆలోచించింది.

"మూడోసారి అడిగితే నువ్వు సరే అంటావని. మర్యాదకి అంటావని. ఇష్టం లేకపోయినా అత్త మాట కాదనలేక బిడ్డని వదిలి వెళ్ళి, అక్కడ కూర్చుని కుమిలిపోతావని. బిడ్డని ఇవ్వడం మర్యాదకి చేసే పని కాదు కదే. నువ్వే అడుగుతావని చూశా. రోజూ పొద్దున్నే తలుపు గడియ తీసి పెట్టేదాన్ని."

నజ్మేకి జవాబు తెలియలేదు. వదిలేసింది.

ఎండలు తగ్గేసరికి ఫలితాలొచ్చాయి. ఇక్కడే, లా. యాసెర్ టీ కొట్టు దగ్గర ఫోన్లో వార్త విన్నప్పుడు డ్రైవర్లందరూ హారన్లు కొట్టారట. ఆ కోడి ఆయన అందరికీ మిఠాయి పంచాడట, తను చెప్పిన జవాబుతోనే సీటు వచ్చిందని. షహ్లా ఖానుం పెద్ద పళ్ళెం నిండా ఖర్జూరం బిస్కెట్లు తెచ్చి, "ఇక నుంచి పిల్లని నా దగ్గరే" అని ఒట్లు వేసింది. నజ్మే బిస్కెట్లు మాత్రం పుచ్చుకుంది.

ఇప్పుడు నజ్మే పొద్దున్నే తరగతులకి వెళుతుంది, సాయంత్రం వస్తుంది. రెండు వాక్యాలు కాదు, ఒక్క వాక్యానికి కూడా ఎవరూ ఇంకా లేచి నిలబడలేదు. కానీ వాక్యాలు పోగవుతున్నాయి. తరన్నుం ఇప్పుడు పరుగెత్తుతుంది, గోడలెక్కుతుంది, సందులో పిల్లులన్నిటికీ పేర్లు పెట్టింది. దాని వెనకాల రోజంతా పరుగెత్తేది బీబీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయని నజ్మే రోజూ అడుగుతుంది. బీబీ ఒక్కసారి నిజం చెప్పిన మనిషే, ఇప్పుడు మాత్రం "బాగున్నా, నాకేం" అంటుంది. కోడలు చదువు మానేస్తుందేమోనని ఆవిడ భయం. మొన్న మెట్టు దిగుతూ గోడ పట్టుకోవడం నజ్మే చూసింది. చూడనట్టు వెళ్ళిపోవాల్సి వచ్చింది, తరగతికి ఆలస్యమవుతోంది.

అందుకని ఒక్క మాట. మీరెప్పుడైనా కెర్మాన్ పాత బజారు వైపు వస్తే, వెనక సందులో తూబా ఖానుం ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. పగటిపూట వెళ్ళండి, కోడలు ఇంట్లో లేనప్పుడు. బాగానే ఉన్నానంటుంది, టీ పెడతానని లేవబోతుంది. లేవనివ్వకండి. పిల్లని కాసేపు మీరు ఎత్తుకుని, ఆవిడ ఎలా ఉందో కొంచెం చూసి రండి.